పిల్లిగారి బిరుదులు

పేరుకు ముందూ వెనకా బిరుదులు తగిలించుకోవటం మనుషులకే చెల్లిందని మనం అనుకుంటాం. వైద్యుడి పేరు చివర ఆయన చదివిన చదువుకు సంబంధించిన అక్షరాలుంటాయి. వందమంది పృచ్ఛకులను మెప్పించిన కవి పేరుకు ముందు "శతావధాని" అని రాస్తారు. ఇంగ్లండు, అమెరికా మొదలైన దేశాలలో కొన్ని పిల్లులకు కూడా ఇలాటి బిరుదులున్నాయి! ఎవరో ముద్దుకు పెట్టినవి కావు. పోటీలలో నెగ్గి సంపాదించుకున్నవి.

ఈ వింతకు నాంది 1871లో జరిగింది. ఆ ఏడు జులై 13వ తేదీన లండనులో, క్రిస్టల్ పాలెస్ అనే పెద్ద అద్దాల భవనంలో, హారిసన్ వీర్ అనే చిత్రకారుడు పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేశాడు. పిల్లి ఎలకలు పట్టటానికే కాదు, చూడటానికి కూడా ఎంతో అందమైనదని జనానికి తెలియజెప్పాలని ఆయన కోరిక. తరవాత 1887లో ఇంగ్లండులో పిల్లుల సంఘం ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. 1895లో న్యూయార్కులో జరిగిన పెద్ద ప్రదర్శనలో కోసీ అనే చారల పిల్లి అన్నిటికన్న మిన్న అనిపించుకుని, వెండి పట్టీ బహుమతి పొందింది. 1906లో అమెరికాలోనూ, 1910లో ఇంగ్లండులోనూ ఏర్పడిన సంఘాలు ఇప్పటికీ పిల్లుల పేర్లు నమోదు చేస్తూ, బిరుదులు ఇస్తున్నాయి.

ఇప్పుడు మనమే ఒక పిల్లి పేరు కల్పించుకుని, అమెరికా పద్ధతిలో రాసి చూద్దాం: "జి.సి., ఎన్.డబ్ల్యు. మల్లెపందిరి చుక్కమ్మ ఆఫ్ పాలవెల్లి, డి.ఎం."

పేరు రైలుబండిలా ఉన్నది కదా? పెట్టెలు విడదీస్తే సులువుగా అర్థమవుతుంది.

చుక్కమ్మ పిల్లి సొంత పేరు. మల్లెపందిరి దాని ఇంటిపేరు. మనకు లాగే పిల్లికి కూడా ఇంటిపేరు ముందు వస్తుందన్న మాట! పిల్లులను పెంచేవారు తమ ఇంటిపేరును సంఘంలో నమోదు చేయించుకుంటారు. ఒకరు నమోదు చేసుకున్న పేరును మరొకరు పెట్టుకోరాదు. చివరనున్న పాలవెల్లి, చుక్కమ్మను కొనుక్కుపోయినవారి ఇంటిపేరు. మనలో ఆడపిల్ల అత్తవారింటికి వెళితే ఇంటిపేరు మారుతుంది. చుక్కమ్మకు మాత్రం కొత్త ఇంటిపేరు చేరినా, పుట్టింటి పేరు చెరగదు.

ఇక ముందున్న అక్షరాలు. సి.హెచ్. అంటే ఛాంపియన్, జి.సి. అంటే అంతకన్న పెద్దదైన గ్రాండ్ ఛాంపియన్. ఎన్.డబ్ల్యు. అంటే జాతీయ విజేత. ఏడాది పొడుగునా జరిగిన ప్రదర్శనలలో వచ్చిన మార్కులు కూడి, పై వరసలో నిలిచిన కొద్ది పిల్లులకే దీన్ని ఇస్తారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసిన పిల్లులకు పోటీ వేరు. వాటి బిరుదు ఛాంపియన్ కాదు, ప్రీమియర్. గౌరవంలో తేడా లేదు. యూరపులో కొన్ని పిల్లుల పేర్లకు ముందు ఐ.సి. అని ఉంటుంది. అంటే అంతర్జాతీయ ఛాంపియన్. 

ఈ బిరుదులు తేలికగా రావు. ఇంగ్లండులో పిల్లి ఛాంపియన్ కావాలంటే మూడు ప్రదర్శనలలో, ముగ్గురు వేర్వేరు పరీక్షకులు దానికి యోగ్యతాపత్రం ఇవ్వాలి. అక్కడి పాతకాలపు పద్ధతి మరీ చిత్రమైనది. పిల్లులన్నిటికీ ఒకేరకం గూళ్ళు. లోపల పరిచే దుప్పటీ, నీళ్ళ గిన్నే, మట్టి తొట్టీ అన్నీ తెల్లనివే. గూటికి ఒక అంకె మాత్రం ఉంటుంది. పరీక్ష జరిగేటప్పుడు యజమానులు బయటికి వెళ్ళిపోవాలి. అందుచేత ఎదటనున్నది గొప్పవారి పిల్లో, పేదవారి పిల్లో, బిరుదులున్నదో, లేనిదో పరీక్షకుడికి తెలియదు. పిల్లిని చూసే తీర్పు చెప్పాలి.

చుక్కమ్మ పేరు చివర డి.ఎం. అని ఉన్నది, చూశారా? అది చుక్కమ్మ పోటీలో నెగ్గి తెచ్చుకున్నది కాదు, దాని పిల్లల వల్ల వచ్చినది. తల్లిపిల్లికి పుట్టినవాటిలో కనీసం అయిదు పెద్ద బిరుదులు పొందితే ఆ తల్లికి డి.ఎం. ఇస్తారు. తండ్రికైతే పదిహేను పిల్లలు అలా పైకి రావాలి. ఎన్నడూ ప్రదర్శన గడప తొక్కని తల్లి కూడా తన బిడ్డల మూలంగా ఈ గౌరవం పొందవచ్చు.

బిడ్డల ఘనత తల్లికి చేరుతున్నది. మరి తల్లి బిరుదు బిడ్డకు వస్తుందా? రాదు! శతావధాని కొడుకు అవధానం చెయ్యకుండా శతావధాని కాలేడు. ఛాంపియన్ కడుపున పుట్టిన పిల్లికూన కూడా అంతే. దాని వంశావళి పత్రంలో మూడు నాలుగు తరాల పేర్లుంటాయి. తాతముత్తాతలందరి పేర్లకూ ముందు బిరుదులున్నా, కూన పేరుకు ముందు ఖాళీయే. ఆ ఖాళీని అదే నింపుకోవాలి.

ఈ సంగతి తెలియక కొందరు బిరుదులు చూసి మురిసిపోయి, బోలెడంత డబ్బు పోసి కూనను కొంటారు. అయితే, బిరుదులు సంక్రమించకపోయినా జబ్బులు సంక్రమిస్తాయి. పర్షియా జాతి పిల్లులలో ఒక జబ్బు ఉన్నది. దాని వల్ల మూత్రపిండాలలో నీటితిత్తులు పుట్టి, ఏళ్ళ తరబడి పెరిగి, చివరకు ప్రాణం తీస్తాయి. తల్లిదండ్రులలో ఒకరికి ఈ జబ్బు ఉంటే చాలు, ప్రతి కూనకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. దీనికి కారణమైన జన్యులోపాన్ని 2004లో కనుగొన్నారు. ఇప్పుడు తల్లిదండ్రులను పరీక్ష చేయించి, జబ్బు ఉన్నదీ లేనిదీ ముందే తెలుసుకోవచ్చు. కాని ఆ సంగతి జి.సి. అనే అక్షరాలు చెప్పవు. అందుకే తెలిసినవారు కూనను కొనేముందు, "దీని తల్లికి ఎన్ని బిరుదులున్నాయి?" అని కాక, "దీని తల్లికీ తండ్రికీ పరీక్ష చేయించారా?" అని అడుగుతారు.

ఇంటిపేరూ, వంశావళీ లేని మామూలు పెంపుడు పిల్లుల మాటేమిటి? వాటికి కూడా పోటీలున్నాయి. ఇంగ్లండులో వాటికి మాస్టర్ అనే బిరుదు ఇస్తారు. అక్కడ జాతి లక్షణాలు చూడరు. బొచ్చు నిగనిగలాడుతున్నదా, కళ్ళు తేటగా ఉన్నాయా, ముట్టుకుంటే మచ్చికగా ఉన్నదా అని చూస్తారు. అంటే, ఇంటివారు దాన్ని ఎంత శ్రద్ధగా పెంచారో చూస్తారన్న మాట. తాతముత్తాతలెవరో తెలియని పిల్లి కూడా ఆ బిరుదు తెచ్చుకోగలదు.