కోల్‌కతా ఫుట్‌పాత్‌ల మీద పసికందుతో నడక: బేబీ స్లింగ్ కొనే ముందు ఏం చూడాలి?

గడియాహాట్ కూడలి నుంచి లేక్ మార్కెట్ వైపు ఫుట్‌పాత్ మీద పిల్లల బండి తోసుకుంటూ వెళ్లడం దాదాపు అయ్యే పని కాదు. ఒక పక్క చీరల దుకాణాలు, ఇంకో పక్క హాకర్ల బల్లలు, మధ్యలో ఇద్దరు మనుషులు ఒరుసుకుంటూ నడిచేంత దారి. లేచిపోయిన పలకలు, వానాకాలంలో నిలిచే నీళ్లు సరేసరి. కాస్త ఆవల రవీంద్ర సరోవర్ చుట్టూ చెట్ల నీడలో నడవడానికి మంచి దారి ఉంది. ఇంటి నుంచి అక్కడిదాకా చేరడమే అసలు సమస్య.

లేక్ మార్కెట్ పరిసరాల్లో దక్షిణాది కుటుంబాలు చాలాకాలంగా ఉంటున్నాయి. ప్రసవమైన నెలా రెండు నెలలకు, డాక్టర్ కూడా నడవమన్నాక, తల్లికి బయటకు వెళ్లాలనిపిస్తుంది. బిడ్డను ఇంట్లో వదిలి వెళ్లలేదు. చేతుల్లో ఎత్తుకుని గంటసేపు నడవలేదు. ఫోన్‌లో ‘బేబీ స్లింగ్’ అని వెతకడం అప్పుడే మొదలవుతుంది. రంగులు, ధరలు, మెత్తటి ప్యాడింగ్, ఎన్ని జేబులు ఉన్నాయి... అమ్మకపు పేజీల్లో కనిపించేవి ఎక్కువగా ఇవే.

కానీ నెలల పిల్లల విషయంలో ‘సౌకర్యం’ అన్న మాట మోసం చేస్తుంది. పెద్దల కంటికి హాయిగా కనిపించే భంగిమే బిడ్డ ఊపిరికి అడ్డం కావచ్చు.

జోలెలో పడుకోబెడితే ఏమవుతుంది?

అమెరికాలో 2010 మార్చిలో ఇన్‌ఫాంటినో అనే కంపెనీ తన ‘స్లింగ్‌రైడర్’ స్లింగ్‌లను వెనక్కి పిలిపించుకుంది. అక్కడ అమ్ముడైనవి సుమారు 10 లక్షలు. అంతకుముందు ఏడాది వాటిలో ముగ్గురు శిశువులు చనిపోయారు. అవి సంచి ఆకారంలో ఉండేవి. బిడ్డ అందులో ఉయ్యాలలో పడుకున్నట్టు వంగి పడుకునేది. అదే నెలలో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ హెచ్చరిక జారీ చేసింది. 20 ఏళ్లలో స్లింగ్‌లతో ముడిపడిన మరణాలు కనీసం 14 ఉన్నాయని, వాటిలో 12 నాలుగు నెలల లోపు పిల్లలవేనని చెప్పింది.

కారణం పసిపిల్లల శరీర నిర్మాణంలోనే ఉంది. తల పెద్దది, మెడ కండరాలు బలహీనం. లోతైన జోలెలో పడుకోబెడితే వీపు వంగి, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. మెత్తటి చిన్న శ్వాసనాళం ఆ వంపులో సన్నబడిపోతుంది. తల పైకెత్తుకునే శక్తి ఆ బిడ్డకు ఉండదు. ఏడ్వడానికి కూడా ఊపిరి కావాలి కదా, అందుకే ఈ ప్రమాదం చప్పుడు లేకుండా జరుగుతుంది. ముక్కు గుడ్డకో తల్లి ఒంటికో అదుముకుపోతే ఒకటి రెండు నిమిషాలే చాలని కమిషన్ హెచ్చరించింది. నెలలు నిండకుండా పుట్టినవారికి, బరువు తక్కువ ఉన్నవారికి, జలుబు చేసిన పిల్లలకు ముప్పు ఇంకా ఎక్కువ.

కాబట్టి బిడ్డను నిలువుగా, ఛాతీకి ఛాతీ ఆనేలా కట్టుకోవాలి. బిడ్డను చూడ్డానికి విశాఖ నుంచో విజయనగరం నుంచో వచ్చిన అమ్మమ్మకు ఇది వింతగా ఉంటుంది. “మెడ నిలవని పసిగుడ్డును నిలబెట్టి కడతారా?” అని అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఆసుపత్రుల్లోనే ఉంది.

తక్కువ బరువుతో పుట్టిన పిల్లలను తల్లి గుండెలకు నిలువుగా కట్టే ‘కంగారూ మదర్ కేర్’ 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది. కిలో నుంచి 1.8 కిలోల బరువున్న పిల్లలకు పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గాయని 2021లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం తేల్చింది. ఆ అధ్యయనం జరిగిన ఐదు దేశాల్లో భారత్ ఒకటి. అందులో పాటించే భంగిమ ఇదే: బిడ్డ నిలువుగా, తల ఒక పక్కకు తిరిగి, గడ్డం కొద్దిగా పైకెత్తి, కాళ్లు కప్పలా ముడుచుకుని. మెడను బిడ్డ నిలబెట్టుకోనక్కర్లేదు. బిగుతుగా ఉన్న గుడ్డ, తల్లి ఛాతీ కలిసి నిలబెడతాయి. నవజాత శిశువుల వార్డులో పనిచేసే నర్సును అడిగితే రెండు నిమిషాల్లో చేసి చూపిస్తుంది. ఇంటర్నెట్‌లో పది వీడియోలు చూడటం కన్నా అది మేలు.

కట్టుకున్నాక చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తల వంచితే బిడ్డ నుదుటికి ముద్దు పెట్టేంత ఎత్తులో ఉండాలి. ముఖం ఎప్పుడూ కనబడాలి. గడ్డం కింద ఒక వేలు దూరేంత ఖాళీ ఉండాలి. వీపు మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా నొక్కితే బిడ్డ మరింత లోపలికి ముడుచుకుపోకూడదు. ముడుచుకుంటే గుడ్డ వదులుగా ఉన్నట్టే. మోకాళ్లు పిరుదుల కన్నా కాస్త పైకి ఉంటే తుంటి కీళ్లకు మంచిది. కాళ్లు బార్లా చాపి వేలాడేలా ఉండే క్యారియర్లు ఈ వయసుకు వద్దు. బిడ్డ ముఖం బయటివైపు తిప్పి కట్టడం, వీపున కట్టడం కూడా మెడ నిలిచాకే.

డబ్బా మీద బరువు చూశారా?

బకిల్స్ ఉన్న ఖరీదైన క్యారియర్లను చాలామంది బహుమతిగా ఇస్తుంటారు. వాటిలో చాలా విదేశీ మోడళ్లకు కనీస బరువు 3.2 లేదా 3.5 కిలోలు. భారత్‌లో పుట్టే శిశువు సగటు బరువు సుమారు 2.8 కిలోలు. అంటే ఆ క్యారియర్ మొదటి వారాల్లో ఇక్కడి పిల్లల్లో ఎక్కువమందికి పెద్దదే. అందులో బిడ్డ జారి కిందికి దిగిపోతుంది, గడ్డం మళ్లీ ఛాతీకి ఆనుకుంటుంది. ‘పెరిగాక సరిపోతుందిలే’ అని ఒక సైజు పెద్ద గౌను కొనవచ్చు, క్యారియర్ కొనకూడదు.

ఉక్కపోతకు ఏ గుడ్డ?

పురూలియా, బాంకురా జిల్లాల సంతాల్ మహిళలు, డార్జిలింగ్ కొండల్లో టీ తోటల కార్మికులు, ఇటు పాడేరు, అరకు వైపు ఆదివాసీ తల్లులు బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకునే నడుస్తారు. జర్మనీలో 1972లో డిడిమోస్ కంపెనీని మొదలుపెట్టిన ఎరికా హాఫ్‌మన్‌కు దారి చూపింది కూడా మెక్సికో మహిళల రెబోసో వస్త్రమే. యూరప్ చుట్టి వచ్చి ఇప్పుడు వేల రూపాయలకు అమ్ముడవుతున్నది మనకు తెలిసిన పద్ధతే.

కోల్‌కతాలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటడం మామూలు. దానికి తోడు తేమ. పసిపిల్లలకు చెమట సరిగా పట్టదు, ఒంట్లోని వేడి త్వరగా బయటకు పోదు. పైగా తల్లి ఒంటి వేడి కూడా తోడవుతుంది. ఆన్‌లైన్‌లో బాగా అమ్ముడయ్యే స్ట్రెచీ ర్యాప్ సాగే గుడ్డ. మొదటి నెలల్లో కట్టడం తేలికే కానీ, బిడ్డ మీద రెండు మూడు పొరలు వస్తాయి. ఈ నగరంలో దానికి డిసెంబర్, జనవరి నెలలే తగినవి. రింగ్ స్లింగ్‌లో ఒక్క పొరే కాబట్టి గాలి ఆడుతుంది, బిడ్డను దించడం కూడా సులువు. దాని లోపం ఒక భుజం మీదే బరువంతా పడటం. అరగంట దాటితే భుజం చెబుతుంది. వెళ్లేటప్పుడు ఒక భుజం, వచ్చేటప్పుడు ఇంకో భుజం మార్చుకుంటే కొంత నయం.

దూరం నడిచేవారికి సాగని నేత గుడ్డతో చేసిన పొడవాటి ర్యాప్ అన్నిటికన్నా మేలు. బరువు రెండు భుజాలకూ, నడుముకూ పంచుతుంది. సాధారణ సైజు పొడవు 4.6 మీటర్లు. చీర ఐదున్నర మీటర్లు కదా, బీరువాలోని నేత చీర చాలదా అని అడిగేవారుంటారు. చాలదు. చీర వెడల్పు ఎక్కువ, నేత పలచన. తాడులా ముడుచుకుని భుజాన్ని కోస్తుంది. ‘మెత్తబడింది’ అని తీసే పాత చీరలైతే ఎక్కడ చిరుగుతాయో చెప్పలేం. కొనే గుడ్డ ఒత్తుగా నేసిన నూలుదై ఉండాలి. రింగులు అతుకు లేని లోహంతోనో గట్టి నైలాన్‌తోనో చేసినవై ఉండాలి. కర్టెన్ రింగులతో ఇంట్లో కుట్టుకునే ప్రయోగం వద్దు.

చలికాలంలో పొరపాటు ఇంకో రకం. కోల్‌కతాలో ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు దిగగానే మంకీ క్యాపులు బయటకు వస్తాయి, ఉన్ని స్వెట్టర్, టోపీ, దుప్పటి, వాటి మీద స్లింగ్. స్లింగ్‌ను కూడా ఒక పొరగా లెక్కపెట్టాలి. చేతులు చల్లగా ఉన్నాయని కంగారు పడక మెడ వెనక తాకి చూడాలి. అక్కడ చెమటగా ఉంటే ఒక పొర తీసేయాలి.

కోత మానని తల్లికి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, పశ్చిమ బెంగాల్‌లో 32.6 శాతం కాన్పులు సిజేరియన్లు. అంటే స్లింగ్ వేసుకునే తల్లుల్లో చాలామంది పొట్ట మీద మానుతున్న కుట్లు ఉంటాయి. నడుముకు బిగించే బెల్టు సరిగ్గా ఆ చోటే నొక్కుతుంది. వీరికి మొదట్లో బెల్టు లేని రింగ్ స్లింగో ర్యాపో నయం. బరువు మోయడానికి డాక్టర్ సరే అన్నాకే అది కూడా. అప్పటిదాకా బిడ్డను కట్టుకునే పని తండ్రి చేయవచ్చు.

రోడ్డెక్కే ముందు మూడు కిలోల బియ్యం సంచితో మంచం పక్కన నిలబడి నాలుగైదుసార్లు కట్టి విప్పాలి. బిడ్డ ఛాతీ మీద ఉంటే తన పాదాలు తనకు కనబడవు కాబట్టి జారని చెప్పులు ముఖ్యం. కింద పడినది తీయాలంటే నడుము కాదు, మోకాళ్లు వంచాలి. దారిలో మట్టి భాఁడ్‌లో పొగలు కక్కే టీ ఊరిస్తుంది. బిడ్డ తల మీదుగా తాగవద్దు. వాన వస్తే గొడుగు వేయాలి గానీ, బిడ్డ ముఖం మీద ప్లాస్టిక్ గానీ చీర కొంగు గానీ కప్పకూడదు. స్లింగ్‌లో పాలు పడితే, తాగడం అయిపోగానే బిడ్డను మళ్లీ నిలువుగా పైకి జరపాలి. తిరుగు ప్రయాణంలో అలసిపోయి టాక్సీ ఎక్కినా, షేర్ ఆటో ఎక్కినా స్లింగ్ సీట్ బెల్టు కాదని గుర్తుంచుకోవాలి. గుద్దుకుంటే తల్లి బరువే బిడ్డ మీద పడుతుంది.

ఇక నడక వేళ. వేసవిలో తెల్లవారుజామే చల్లగా ఉంటుంది. శీతాకాలంలో మాత్రం ఆ వేళలోనే పొగమంచుతో కలిసి కాలుష్యం నేలకు దగ్గరగా పేరుకుంటుంది. రవీంద్ర సరోవర్ వద్ద, విక్టోరియా మెమోరియల్ వద్ద గాలి నాణ్యతను కొలిచే కేంద్రాలు ఉన్నాయి. వాటి అంకెలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘సమీర్’ యాప్‌లో కనిపిస్తాయి. డిసెంబర్‌లో ఆ అంకె చూసుకుని, నడకను ఎండ వచ్చాక మొదలుపెట్టవచ్చు.