చేను కాపలా తుపాకి: మందు చౌకా? గురి నిజమా?

పంట కాపలాకి తెచ్చిన నాటు తుపాకి ఎవరి పేరున ఉంటుంది? ఆసామి పేరున. మందు ఎవరు కొంటారు? ఆసామే, అదీ ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ. రాత్రిపూట గట్టు మీద కూర్చుని దాన్ని చెంపకు ఆనించి పేల్చేది మాత్రం చాలా చోట్ల కూలివాడు. మందు చెడ్డదైతే గొట్టం పగిలేది అతని కళ్ల ముందు. కేసు పెడితే పోలీసులు ముందు పట్టుకునేది అతని చెయ్యి. అందుకని ఏ మందు చౌక, ఏ మందుతో గురి కుదురుతుంది అన్న మాటను వేటగాళ్ల సరదా కింద తీసేయటానికి వీల్లేదు. అది కూలివాడి ప్రాణానికి సంబంధించిన లెక్క. ఆ లెక్క ఇక్కడ విప్పి చెప్పదలిచాము.

తుపాకి ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు

ముదినేపల్లి గుడివాడ నుంచి కైకలూరు పోయే దారిలో ఉంది. చుట్టూ వరి మాగాణి, దాన్ని ఆనుకుని చేపల చెరువులు, ఆవల కొల్లేరు. ఇక్కడ చేనుకి ఎలుక శత్రువు. చెరువుకి నీటికాకి, కొంగ, గూడబాతు శత్రువులు. ఎలుకను తుపాకితో కొట్టేవాడు ఎవడూ లేడు. పోతే పక్షులు. వీటిని కాల్చటం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. చెరువు గట్టు మీద కాపలా ఉండే కుటుంబాన్ని పిలిచి "రెండు పిట్టల్ని కొట్టి పడెయ్, మిగతావి అవే పోతాయ్" అని తుపాకి చేతికిచ్చే యజమాని ఆ కుటుంబాన్ని జైలుకి పంపుతున్నట్టే. అక్కడ కావలసింది డప్పు, డబ్బా, వడిసెల, చెరువు మీద వల. వల ఖర్చు యజమానిది. అది తప్పించుకోవటానికే తుపాకి మాట వస్తుంది.

కృష్ణ ఒడ్డు లంకల్లో, దివిసీమలో సంగతి వేరు. అక్కడ అడవిపంది ఉంది. చెరకు తోటలో, మొక్కజొన్న చేలో ఒక్క రాత్రి పంది గుంపు పడిందంటే కౌలు రైతు ఏడాది కష్టం నేలపాలే. తినేదానికంటే తొక్కి పాడుచేసేది ఎక్కువ. ఇటువంటి చోట తుపాకి కావాలనటంలో న్యాయం ఉంది. అయితే దానికీ ఒక పద్ధతి ఉంది.

చట్టంలో మనకున్న చోటు

తుపాకి మందుకి ముఖ్య సరుకు సురేకారం. మన ఊళ్లలో దాన్నే పెట్లుప్పు అంటారు. పాత ఊరి దిబ్బల పాటిమన్ను కడిగి ఉప్పర పనివాళ్లు దాన్ని తీసేవాళ్లు. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు బందరులో వర్తకానికి దిగారు. ఆ తర్వాత ఈ దేశపు సురేకారం, ముఖ్యంగా బీహారు సరుకు, ఓడల మీద వాళ్ల దేశానికి పోయింది. దానితో చేసిన మందుతోనే వాళ్లు దేశాల్ని గెలిచారు. చివరికి 1878లో ఆయుధాల చట్టం తెచ్చి, లైసెన్సు లేకుండా హిందూదేశపు మనిషి తుపాకి పట్టకూడదన్నారు. తెల్లవాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చుకున్నారు. మట్టి కడిగినవాడికి మందు లేదు, తుపాకి లేదు.

ఆ చట్టం పోయి 1959లో ఇప్పటి చట్టం వచ్చింది. అందులో 13వ సెక్షను రైతు తెలుసుకోదగ్గది. నిజంగా పంట రక్షణ కోసమే అయితే మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని అది చెబుతోంది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే నున్న గొట్టం ఉన్న వేరే తుపాకికి కూడా ఇవ్వవచ్చు. అంటే బీద రైతు తుపాకిగా చట్టమే ఈ నాటు తుపాకిని గుర్తించింది. తెలంగాణ పల్లెల్లో బర్మారు అనే తుపాకి కూడా ఇదే. నింపు, పేల్చు అన్న అర్థం ఆ పేరులోనే ఉంది.

కాని చట్టంలో ఉన్నది పొలంలోకి రాదు. భూమి కాగితం లేని కౌలుదారు తన పంట కోసం లైసెన్సు అడగబోతే ముందు ఆసామి గడప తొక్కాలి. ఆసామి పేరున లైసెన్సు ఉంటే కూలివాడు ఆ తుపాకి పట్టుకుని ఒంటరిగా చేలో తిరగటం నేరం. యజమాని తరపున తుపాకి పట్టే మనిషిని రిటైనరు అంటారు. అతని పేరు లైసెన్సులో రాయించే వీలుంది. ఆ పేరు రాయించకుండా "ఏం కాదులే, నేనున్నాగా" అనే ఆసామి మాటను కోర్టు వినదు.

రెండో సంగతి. తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కొట్టే అనుమతి వచ్చినట్టు కాదు. పంటకు ప్రమాదంగా మారిన జంతువును చంపటానికి వన్యప్రాణి చట్టం 11వ సెక్షను కింద అటవీ అధికారుల రాతపూర్వక అనుమతి కావాలి. ఆ అనుమతి పల్లెకు దగ్గరగా రావాలని దేశంలో చాలా చోట్ల అడిగారు. కేరళలో 2022లో ఆ అధికారాన్ని పంచాయతీల, మునిసిపాలిటీల అధ్యక్షులకు అప్పగించారు. లైసెన్సు తుపాకి ఉన్నవాళ్ల చేత వారే పందుల్ని కొట్టించవచ్చు. బీహారులో 2015లో, ఉత్తరాఖండులో 2016లో కొంత కాలానికి అడవిపందిని కేంద్రం పీడజంతువుగా ప్రకటించింది. అడిగిన చోట చట్టం కదిలిందని దీన్నిబట్టి తెలుస్తోంది.

మందు బాగోగులు చూసేదెట్లా

ఈ తుపాకికి సరిపోయేది ఒక్కటే, పొగ వచ్చే పాత రకం నల్లటి మందు. సురేకారం, బొగ్గు, గంధకం కలిపి ఫ్యాక్టరీలో రవ్వ కట్టినది. రవ్వ కట్టటం ఎందుకు? వట్టి పొడిగా కలిపితే బండి కుదుపుకి బరువుది కిందకి, తేలికది పైకి విడిపోతుంది. అప్పుడు ఒక దెబ్బ తుస్సుమంటుంది, ఇంకో దెబ్బ గొట్టం అదిరేలా పేలుతుంది. రవ్వ కట్టిన మందులో ప్రతి గింజలోనూ మూడు సరుకులూ సమంగా ఉంటాయి. గురికి మొదటి మెట్టు అదే.

మంచి మందు గింజ గట్టిగా ఉంటుంది, వేళ్లతో నలిపితే తేలిగ్గా పొడి కాదు. డబ్బా అడుగున దుమ్ము పేరుకోదు. గింజలన్నీ ఒకే సైజులో ఉంటాయి. ఉండలు కట్టిందంటే చెమ్మ తగిలినట్టు. సన్న రవ్వ తొందరగా మండుతుంది, ముతక రవ్వ నెమ్మదిగా మండుతుంది. వెడల్పు గొట్టానికి ముతక రవ్వ, సన్న గొట్టానికి సన్న రవ్వ. విదేశీ డబ్బాల మీద ఇంగ్లీషు ఎఫ్ అక్షరాలు ఎక్కువ ఉన్నకొద్దీ రవ్వ సన్నమని అర్థం. వెడల్పు గొట్టం తుపాకికి ఖరీదైన సన్న రవ్వ కొనటం డబ్బు దండగే కాదు, ప్రమాదం కూడా.

చౌక లెక్క

ఇప్పుడు ధర సంగతి. దెబ్బకు అయిదు గ్రాముల మందు పడుతుందనుకుందాం. కిలోకి రెండు వందల దెబ్బలు వస్తాయి. మంచి మందుకి, నాసి మందుకి మధ్య కిలో దగ్గర వంద రూపాయల తేడా ఉందనుకున్నా దెబ్బకి పడేది అర్ధరూపాయి. రెండు వందల రూపాయల తేడా ఉంటే రూపాయి. చేను కాపలాకి ఏడాది మొత్తం పేల్చినా వందల దెబ్బలు ఉండవు. పదుల్లోనే ఉంటాయి. ఆసామి మిగుల్చుకునేది ఓ యాభై రూపాయలు. దానికి పందెంగా పెట్టేది కూలివాడి కన్నూ చెయ్యీ.

ఇంకొకటి. గురి తప్పిన దెబ్బ అన్నిటికంటే ఖరీదు. గాయపడ్డ పంది మనిషి మీదకు వస్తుంది. తప్పిన గుండు పక్క చేలో పడుకున్న కాపలాదారుకు తగలొచ్చు. అందుకని మందు ధర చూడాల్సింది కిలో లెక్కన కాదు, నమ్మకంగా పడే దెబ్బ లెక్కన.

గురి నిలకడలో ఉంది

గురి రావాలంటే మందు ఎక్కువ వెయ్యాలని మన పల్లెల్లో ఒక భ్రమ ఉంది. "ఇంకో చిటికెడు వెయ్యి, దూరం పోద్ది" అంటారు. దూరం సంగతి ఎట్లా ఉన్నా, గుండు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. నున్న గొట్టం తుపాకి ముప్పై నలభై గజాల లోపు పనిముట్టు. ఆ దూరం దాటితే ఎంత ఖరీదైన మందు పోసినా దాన్ని నమ్మరాదు. ఆ లోపు గురి కుదిరేది నాలుగు పనుల వల్ల.

ఒకటి, ప్రతిసారీ ఒకటే కొలత. తుపాకి తయారుచేసినవాడు చెప్పిన కొలత దాటకూడదు. అరచేతి అంచనా పనికిరాదు, కొలత గిన్నె ఉండాలి. రెండు, ఒకటే మందు. సగం డబ్బా పాతది, సగం కొత్తది కలపకూడదు. మూడు, గుండు మందు మీద ఆనేదాకా ఒకే ఒత్తిడితో కూరాలి. మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బుతుంది, పగులుతుంది. కూరే కడ్డీ మీద గీత పెట్టుకుంటే గుండు అడుగుదాకా వెళ్లిందో లేదో చీకట్లో కూడా వేలితో తెలుస్తుంది. నాలుగు, దెబ్బకీ దెబ్బకీ మధ్య గొట్టం తుడవాలి. ఈ మందు మండాక సగానికి పైగా బూడిదగా, మసిగా మిగులుతుంది. ఆ మసి పేరుకుంటే రెండో గుండు మొదటి చోటికి పోదు.

చౌక మందైనా ఈ నాలుగూ పాటిస్తే గురి కుదురుతుంది. ఖరీదైన మందైనా ఇవి లేకపోతే కుదరదు. చౌక అంటే ఫ్యాక్టరీ సరుకులో తక్కువ రకం అని మా ఉద్దేశం. నాటు సరుకు అని కాదు.

డెల్టా చెమ్మ

మన డెల్టాలో తుఫాను రోజుల్లో అగ్గిపెట్టె కూడా గీస్తే మండదు. మంచి సురేకారంతో చేసిన మందు చెమ్మను కొంత తట్టుకుంటుంది. దాని బదులు చౌకగా వచ్చే సోడా జాతి ఉప్పుతో చేసింది గాలిలో చెమ్మను పీల్చేస్తుంది. ఒకసారి తడిసిన మందును ఎండబెట్టి వాడటం దండగ. నీటికి సురేకారం గింజలోంచి బయటికి వచ్చేస్తుంది, మళ్లీ పాత బలం రాదు. పొయ్యి దగ్గర ఆరబెట్టటమైతే చావును ఇంట్లోకి పిలవటమే. మూత గట్టిగా ఉండే చిన్న డబ్బాల్లో, పిల్లలకు అందని చోట, పొయ్యికి, బీడీకి దూరంగా ఉంచాలి. మసి కూడా చెమ్మను పీల్చి గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. పని కాగానే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. తుప్పు తిన్న గొట్టానికి మంచి మందు అంటూ ఉండదు.

ఎంత చౌకైనా ముట్టరానివి

టపాకాయలు విప్పి తీసిన మందు వాడకూడదు. దానిలో వేరే రసాయనాలు ఉంటాయి, గొట్టం ఆగదు. అగ్గిపుల్లల తలలు గీకింది కూడా అంతే. కంపెనీ తూటాలు విప్పి తీసిన పొగలేని మందు అన్నిటికంటే మోసకారి. చూడటానికి కొంచెమే ఉంటుంది, బలం మాత్రం అనేక రెట్లు. నాటు తుపాకిలో పోస్తే బాంబే. ఇంట్లో నూరిన మందు ప్రమాదమే కాకుండా అయిదో సెక్షను కింద పెద్ద నేరం. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి పోయటం ఇంకో తప్పు. లోపల నిప్పురవ్వ ఉంటే డబ్బా మొత్తం చేతిలో పేలుతుంది. ముందు కొలత గిన్నెలోకి, అందులోంచి గొట్టంలోకి. తుపాకి మూతి ఎప్పుడూ మొహానికి ఎడంగా ఉండాలి.

వీటన్నిటికంటే చౌక అని ఇప్పుడు చాలామంది ఎన్నుకుంటున్నది కరెంటు తీగ. స్తంభం నుంచి దొంగ తీగ లాగి చేను చుట్టూ కడతారు. మందు ఖర్చు లేదు, లైసెన్సు లేదు. తెల్లవారుజామున నీరు పెట్టటానికి పోయిన కూలివాడికి, గడ్డికి పోయిన ఆడమనిషికి అది తగులుతుంది. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ పందుల కోసం వేసిన తీగలకు మనుషులు బలైన వార్తలు మళ్లీ మళ్లీ చదువుతూనే ఉన్నాము. పిండిలో చుట్టి పెట్టే నాటుబాంబు పశువుల నోళ్లు చీలుస్తుంది. తీగ కట్టిన చేలోకి, బాంబు పెట్టిన చేలోకి పనికి రామని చెప్పటం కూలివాడి హక్కు.

మనం అడగవలసింది

కాపలాకి ఒప్పుకునే ముందే కూలీలు కలిసికట్టుగా ఈ మాటలు తేల్చుకోవాలి. తుపాకి పట్టే మనిషి పేరు లైసెన్సులో ఎక్కించాలి. పందిని కొట్టే అనుమతి కాగితం చూపించాలి. మందు లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొని, మూత తియ్యని డబ్బాతో ఇవ్వాలి. కొలత గిన్నె, తుడిచే సరంజామా యజమానే ఇవ్వాలి. గొట్టాన్ని ఏటా పనివాడికి చూపించాలి. దెబ్బ తగిలితే వైద్యం, నష్టపరిహారం ఆసామి భరించాలి. కాపలా రాత్రికి కూలి వేరుగా కట్టాలి.

ప్రభుత్వాన్ని అడగవలసింది కూడా ఉంది. పంటనష్టం కౌలుదారు చేతికే అందాలి. పందుల్ని కొట్టే అనుమతి ఊరికి దగ్గరగా, రోజుల్లో దొరకాలి. కొట్టే పని శిక్షణ పొందిన మనుషుల చేత చేయించాలి.

ఇవేవీ లేకుండా "ఇదిగో తుపాకి, అదిగో చేను" అంటే తుపాకి తిరిగి ఇచ్చేయండి. డప్పుతో, దివిటీతో కాపలా కాస్తామని చెప్పండి. ఒక్కడు చెబితే ఆసామి ఇంకొకణ్ణి పిలుస్తాడు. ఊళ్లో కూలీలందరూ చెబితే మంచి మందు డబ్బాతో సహా అన్నీ వస్తాయి.