భూకంపం ఎంత? నష్టం ఎంత?

భూకంపం వార్త రాగానే "రిక్టరు స్కేలు మీద ఎంత?" అని అడగడం మనందరికీ అలవాటు. పేపరులోనైనా టీవీలోనైనా ముందు ఆ అంకె కోసమే వెతుకుతాం. కానీ ఆ ఒక్క అంకెను బట్టి ఎంతమంది చనిపోతారో చెప్పడం సాధ్యం కాదు.

1989 అక్టోబరు 17న అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో 6.9 తీవ్రత గల భూకంపం వచ్చింది. 63 మంది చనిపోయారు. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున నాలుగు గంటలకు కాస్త ముందు, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారిలో వచ్చినది 6.2 మాత్రమే. విడుదలైన శక్తి చూస్తే మొదటిదానిలో పదో వంతు కూడా లేదు. చనిపోయినవారు మాత్రం దాదాపు ఎనిమిది వేల మంది, కొన్ని లెక్కల ప్రకారం పదివేలు. కిల్లారి మనకు దూరం కూడా కాదు. జహీరాబాద్ నుంచి నేరుగా కొలిస్తే సుమారు 120 కిలోమీటర్లు.

ఇంత తేడా ఎందుకు వచ్చింది? మేము ఎమ్మెస్సీలో చదువుకున్న పాఠాల్లో మా మనసుకు బాగా పట్టినది ఇదే కాబట్టి, మిత్రులతో పంచుకుంటున్నాం.

శాస్త్రజ్ఞులు హజార్డ్, రిస్క్ అని రెండు మాటలు వాడతారు. మన వాడుకలో రెండూ ప్రమాదమే. చేను గట్టున పాము తిరగడం హజార్డ్. చీకట్లో చెప్పుల్లేకుండా ఆ గట్టు మీద నడిచేవాడికి ఉన్నది రిస్క్. చెప్పులూ టార్చిలైటూ ఉన్నవాడికీ పాము అదే, రిస్క్ వేరు.

భూకంపాల హజార్డ్ లెక్కకు పాత భూకంపాల జాబితా, భూమిలోని పగుళ్లు, నేల స్వభావం చూస్తారు. "475 ఏళ్లకు ఒకసారి వచ్చే కుదుపు" అనే మాట ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. 475 ఏళ్లు ఆగి వస్తుందని దాని అర్థం కాదు. 50 ఏళ్లలో అంతటి కుదుపు వచ్చే అవకాశం నూటికి పది అని అర్థం. రేపే రావచ్చు. కిల్లారి సంగతే చూడండి. అప్పటి దేశపటంలో అది ఒకటో జోన్, అంటే అన్నిటికంటే భయం లేని ప్రాంతం. 2002లో పటాన్ని సవరించినప్పుడు ఒకటో జోన్‌నే తీసేశారు. లాతూరు ప్రాంతం మూడో జోన్‌లోకి వచ్చింది. అదే పటంలో మన భద్రాచలం, గోదావరి లోయ కూడా మూడో జోనే. భద్రాచలం దగ్గర 1969 ఏప్రిల్ 13న 5.7, ములుగు జిల్లాలో 2024 డిసెంబరు 4న 5.3 తీవ్రతతో భూమి కంపించింది.

ఇక రెండో సంగతి, కుదుపుకు ఎదురు నిలవాల్సిన ఇల్లు. కిల్లారి ఇళ్లకు రెండడుగులకు పైగా మందం గల రాతి గోడలు. సిమెంటు లేదు, మట్టితోనే పేర్చారు. ఎండకు చల్లగా ఉంటుందని కర్ర దూలాల మీద అడుగు, రెండడుగుల మట్టి కప్పు. కుదుపుకు గోడ లోపలి వరస లోపలికి, బయటి వరస బయటికి విడిపోయింది. మట్టికప్పు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడింది. ముందురోజే వినాయక నిమజ్జనం, అలసి పడుకున్న జనం. అదే కుదుపుకు తేలికపాటి పూరి గుడిసెలు చాలావరకు తట్టుకున్నాయి. పేదవాడి ఇల్లే ముందు కూలుతుందని మనం అనుకుంటాం. అక్కడ ప్రాణం తీసింది కప్పు బరువు.

ఒక రాష్ట్రం మొత్తానికి నష్టం అంచనా వేసేటప్పుడు ఒక్కో ఇంటి జాతకం చెప్పరు. ఫలానా కుదుపుకు ఇలాంటి ఇళ్లు నూటికి ఎన్ని కూలుతాయి, రాత్రి అయితే లోపల ఎంతమంది ఉంటారు, పగలైతే ఎంతమంది అని లెక్క కడతారు. ఇళ్ల వివరాలు ఎక్కడివి అంటే, మన దేశంలో చాలావరకు జనగణనవే. గోడ దేనితో కట్టారు, కప్పు దేనిది అని ఎన్యూమరేటరు అడిగి రాసుకుంటాడు కదా, ఆ గడులే. కేంద్ర ప్రభుత్వ సంస్థ బి.ఎం.టి.పి.సి. 1997లో మొదటిసారి వెలువరించిన వల్నరబిలిటీ అట్లాస్ ఆ గడుల నుంచే జిల్లాలవారీగా తయారైంది.

ఇక్కడే మాకు ఒక అభ్యంతరం ఉంది. నష్టాన్ని రూపాయల్లో కొలిస్తే ఏమవుతుందో చూడండి. ఉదాహరణకు రెండు కోట్ల భవనానికి పదో వంతు నష్టం జరిగితే ఇరవై లక్షలు. లోపల ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. లక్షన్నర విలువ చేసే ఇళ్లు పది పూర్తిగా కూలితే పదిహేను లక్షలే. వాటిలో నలభై మంది నిద్రపోతూ ఉండవచ్చు. రూపాయల పటంలో మొదటిది ఎర్రగా కనిపిస్తుంది, రెండోది లేత రంగులో ఉండిపోతుంది. బీమా కంపెనీకి ఆ పటం సరిపోతుంది. ఏ ఊరి గోడలు ముందు బాగుచేయాలో తేల్చవలసిన ప్రభుత్వానికి సరిపోదు. ప్రాణనష్టం పటం వేరుగా ఉండాలి, ముందు దాన్నే చూడాలి.

గోడలు బాగుచేయడం పెద్ద విద్యేమీ కాదు. గోడ రెండు వరసలనూ కలిపి పట్టేలా అక్కడక్కడా పొడవాటి రాయి అడ్డంగా పెట్టడం, తలుపుల పైమట్టంలో ఇంటి చుట్టూ కాంక్రీటు పట్టీ పోయడం, కప్పు మీది మట్టి తగ్గించడం. అయితే జనగణన కాగితంలో "రాయి" అనే ఉంటుంది, ఆ పొడవాటి రాయి ఉందో లేదో ఉండదు. అది తెలియాలంటే ఊరికి వెళ్లి గోడ చూడవలసిందే. మా ప్రాజెక్టుకు గోదావరి తీరపు ఊళ్లు ఎంచుకున్నాం. ఆ వైపు నుంచి వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పూర్వ విద్యార్థులైన అన్నలూ అక్కలూ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఇంటి గోడ మందం, అది దేనితో కట్టినది, కప్పు దేనిది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి హాస్టల్‌కు పంపితే మా పని సగం తేలికవుతుంది.