తొలి పంట ఎవరి గొప్ప?

మన పనితనాన్ని మనం ఎందుకు తప్పుగా అంచనా వేసుకుంటాం? పొగరు వల్ల అని చటుక్కున అనేస్తాం. నెల్లూరు తీరంలో రొయ్యల సాగు ఎలా నడిచిందో చూస్తే ఆ జవాబు చాలదనిపిస్తుంది.

1990ల మొదట్లో కండలేరు క్రీకు వెంట, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, విడవలూరు వైపు టైగర్ రొయ్యకు చెరువుల మీద చెరువులు తవ్వారు. తొలి పంటలు బ్రహ్మాండంగా వచ్చాయి. అంతవరకూ వరి తప్ప మరొకటి ఎరగనివాళ్లు కూడా నాలుగు నెలల్లో లాభం కళ్లజూశారు. ఈ పని మనకు చేతనైందని అనుకోక ఇంకేం అనుకుంటారు? నిజానికి అప్పుడు సగం పని చేసిపెట్టింది కొత్త నేల. అడుగున కుళ్లిన మేత, రొయ్యల మలం ఇంకా పేరుకోలేదు. పక్కన చెరువులు తక్కువ కాబట్టి ఒకరు వదిలిన నీళ్లు ఇంకొకరు తోడుకోవలసిన గతి పట్టలేదు. వైరస్ రాలేదు. అరకొరగా చేసినవాడికీ, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసినవాడికీ చేతికొచ్చింది దాదాపు ఒకటే. ఇద్దరికీ తేడా చూపించని పరీక్షలో ఇద్దరూ ఫస్టు క్లాసే.

1994-95లో వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చిపడింది. సోకిన చెరువు మూడు నుంచి పది రోజుల్లో మొత్తం ఖాళీ అయిపోగలదు. అప్పుడు తప్పు రొయ్యపిల్లల సీడ్‌ది అన్నారు, పక్క చెరువుది అన్నారు. అందులో నిజం ఉంది. వైరస్ సీడ్‌తోనూ వస్తుంది, నీళ్లతోనూ వస్తుంది. మరి లాభం వచ్చినప్పుడు ఆ సీడ్‌కు దండ వేసినవాళ్లెవరు? 2009లో వనామీ అనే మరో రకం రొయ్యకు అనుమతి వచ్చాక తొలి పంటల గొప్ప ఎవరి ఖాతాలో పడిందో వేరే చెప్పాలా?

అంచనా తప్పడానికి ఇంకో కారణం కాస్త లోతైనది. మేత ఎక్కువైతే అడుగున కుళ్లుతుంది, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఈ సంగతి తెలియనివాడికి తాను మేత ఎక్కువ వేస్తున్నానన్న అనుమానమే రాదు. పని రావడానికి ఏ తెలివిడి కావాలో, పని రాలేదని గుర్తించడానికీ అదే కావాలి. 1999లో అమెరికాలో క్రూగర్, డన్నింగ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు తర్కం, వ్యాకరణం, హాస్యంలో పరీక్షలు పెట్టారు. అట్టడుగు పావు వంతు వాళ్లు నిజానికి నూటికి 12 మందినే దాటారు. 62 మందిని దాటామనుకున్నారు. ఈ అంతరంలో కొంత లెక్కల స్వభావం వల్ల కూడా రావచ్చని తర్వాత విమర్శలు వచ్చాయి. అందుకే ఈ అధ్యయనం పేరెత్తి ఎదుటివాణ్ణి అజ్ఞాని అనడం నాకు నచ్చదు.

పైగా అవే పరీక్షల్లో బాగా చేసినవాళ్లు తమను తక్కువగా అంచనా వేసుకున్నారు. తమకు తేలిక గనుక అందరికీ తేలికే అనుకున్నారు. ఇతరుల జవాబులు చూపించాక అంచనా పెంచుకున్నారు. మన చెరువు గట్ల మీదా అలాంటివాళ్లున్నారు. చెక్ ట్రే ఎత్తి, మిగిలిన మేత చూసి, రొయ్య పేగు నిండిందో లేదో చూసి ఆ పూట మేత తగ్గించే కూలీని మెచ్చుకోండి, "ఇందులో ఏముందన్నా?" అంటాడు.

మరి సరిగ్గా తెలుసుకోవడం ఎలా? పట్టుబడికి ముందే విసురువల వేసి చూసి, ఎన్ని బతికాయి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత, ఎన్ని టన్నులు వస్తాయి అన్నది తేదీతో సహా రాసిపెట్టాలి. రాయకపోతే, కాటా అయ్యాక "నేను ముందే అనుకున్నా" అని మనసు లెక్క దిద్దేస్తుంది. ఒక్క పంటతో తేలదు, నాలుగైదు కావాలి. అదే పేజీలో చుట్టుపక్కల చెరువుల లెక్కా ఉండాలి. ఆ కారులో అందరికీ పండి ఉంటే మీ లాభం మీ గురించి పెద్దగా ఏమీ చెప్పదు. అందరికీ పోయి మీకు సగం దక్కి ఉంటే, మీ పనితనానికి మెరుగైన సాక్ష్యం ఆ నష్టపు పంటే.