మోకాలి మార్పిడి అనంతర శీతలచికిత్స: 'ఐసు కాపడం' - అర్థసందిగ్ధత

వ్యాససంగ్రహం:
మోకాలి మార్పిడి శస్త్రచికిత్స తరువాత ఇంటివద్ద వాడే శీతలచికిత్సను ఈ వ్యాసం వివరిస్తుంది. వైద్యసూచనల్లో వినిపించే 'ఐసు కాపడం' అనే పదబంధంలోని అర్థసందిగ్ధతను తుమ్మలపల్లె పరిసరాల వాడుక నేపథ్యంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కాపడం, శీతలచికిత్స, మోకాలి మార్పిడి, వైద్యపరిభాష, కడప జిల్లా.

1. ఉపోద్ఘాతం:
కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరు యురేనియం గని వల్ల దేశానికి తెలిసింది. ఊరి చుట్టూ ఉన్నవి మాత్రం అరటి, చీనీ తోటలు, వేరుశనగ చేలు. వంగి, గొంతుకూర్చుని చేసే సేద్యపు పనుల్లో వయసు గడిచినవారికి మోకాళ్ళనొప్పులు కొత్త కాదు. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వం కృత్రిమ మోకాలికీళ్ళ ధరలకు పరిమితి విధించడంతో వాటి ఖర్చు బాగా తగ్గింది.

ఈ ప్రాంతంలో నేను గమనించిన ఒక సందర్భమే ఈ వ్యాసానికి ప్రేరణ. శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి వచ్చిన ఒక పెద్దావిడకు 'ఐసు కాపడం పెట్టుకోమ్మా' అని చెప్పి పంపారు. ఆమె మనసులో నిలిచింది 'కాపడం' ఒక్కటే. 'ఐసుతో కాపడమేంది నాయనా, కాపడమంటే ఉప్పుమూటే గదా' అని పెనంమీద ఉప్పు వేడిచేసి మూటగట్టి పెట్టుకున్నారు. మోకాలి పక్కన చర్మం కమిలింది. ఆమెకు ఆ సంగతి వెంటనే తెలియలేదు.

2. పదవిచారణ:
కాగు, కాచు, కాక, కాపడం - ఇవన్నీ వేడిమికి సంబంధించిన మాటలు. ఉప్పు కాపడం, ఇసుక కాపడం, వావిలాకు వేసి కాచిన నీళ్ళు - వాడుకలో ఉన్న ఇంటివైద్యాలన్నీ వేడివే. చల్లదనానికి మనకున్న మాట వేరు: జ్వరానికి 'తడిగుడ్డ వేయడం'. పైగా 'కీళ్ళకు చల్లదనం పడదు' అన్న నమ్మకం బలంగా ఉంది. కనుక 'ఐసు కాపడం' అన్నప్పుడు మొదటిమాట చల్లదనాన్ని, రెండవమాట వేడిని సూచిస్తాయి. వినేవారు తమకు అలవాటైన మాటనే పట్టుకుంటారు.

'మోకాలిచిప్పల మార్పిడి' అనే వ్యవహారమూ ఇటువంటిదే. ఈ చికిత్సలో ప్రధానంగా తొడ ఎముక కింది కొనలోను, కాలి ఎముక పైకొనలోను అరిగిన భాగాలను తొలగించి లోహపు తొడుగులు అమరుస్తారు. వాటిమధ్య పాలిఇథిలీన్ పలక ఉంటుంది. చిప్ప లోపలితలాన్ని అవసరాన్నిబట్టి మారుస్తారు.

3. చల్లదనం పనిచేసే తీరు:
ఎముకను, కండరాలను కోసిన చోట వాపు, ఎరుపు, వేడి కలగడం సహజం. చల్లదనం అక్కడి రక్తనాళాలను కుంచింపజేస్తుంది. నొప్పిని మోసే నరాల వేగాన్ని తగ్గిస్తుంది. తొలిరోజుల్లో వేడి పెడితే రక్తప్రసరణ పెరిగి వాపు హెచ్చుతుంది.

అయితే ఫలితాన్ని అతిగా ఊహించకూడదు. 2023 నాటి కోక్రేన్ సమీక్ష 22 పరిశోధనలను పరిశీలించింది. రక్తస్రావం కొంత, తొలిదినాల్లో నొప్పి స్వల్పంగా తగ్గవచ్చని, ఆ ఆధారాల విశ్వసనీయత తక్కువని తేల్చింది. శీతలచికిత్స మందులకు, వ్యాయామానికి తోడే గాని ప్రత్యామ్నాయం కాదు.

4. జాగ్రత్తలు:
ఈ శస్త్రచికిత్సలో చర్మానికి స్పర్శనిచ్చే చిన్న నరపు కొమ్మలు తెగడం వల్ల గాటుకు వెలుపలి పక్కన తిమ్మిరి ఏర్పడుతుంది. అందుకే అక్కడ వేడి కాల్చినా, ఐసు కొరికినా రోగికి తెలియకపోవచ్చు. పెద్దావిడ విషయంలో జరిగింది ఇదే కావచ్చు.

కరుగుతున్న ఐసు సున్నా డిగ్రీల వద్ద ఉంటుంది. ఫ్రీజరులోనుంచి అప్పుడే తీసిన జెల్ ప్యాకు మైనస్ 18 డిగ్రీల దాకా ఉండవచ్చు. కాబట్టి ఐసుముక్కలు, కొద్దిగా నీళ్ళు పోసిన సంచిని పొడి తువాలులో చుట్టి, కట్టు తడవకుండా, 15 నుండి 20 నిమిషాలు మాత్రమే ఉంచాలి. మధ్యలో చర్మాన్ని చూసుకోవాలి. మధుమేహంతో స్పర్శ తగ్గినవారు, కాళ్ళకు రక్తప్రసరణ సరిగా లేనివారు వైద్యుని అడిగిన తరువాతే వాడాలి.

మోకాలు కొన్ని నెలలపాటు కొంత వెచ్చగా ఉండటం మామూలే. జ్వరం, చీము, పిక్కలో నొప్పితో కూడిన వాపు, ఆయాసం కనిపిస్తే మాత్రం ఐసుతో సరిపెట్టుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

5. ముగింపు:
• 'కాపడం' వేడిని సూచించే మాట. శీతలచికిత్సకు దాన్ని వాడటం రోగికి హాని కలిగించవచ్చు.
• 'పట్టు వేయడం' తెలుగువారికి తెలిసిన మాటే కనుక 'ఐసుపట్టు' అనడం మేలు. 'గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి, వేడి పెట్టవద్దు' అని విడమరచి చెప్పడం ఇంకా మేలు.
• సూచన ఇచ్చినవారు, 'ఇంటికి పోయి ఏం చేస్తారో చెప్పండి' అని రోగిచేత తిరిగి చెప్పించాలి. అపార్థం అక్కడే బయటపడుతుంది.
• వైద్యపరిభాషను తెలుగులో రూపొందించేటప్పుడు శాస్త్రజ్ఞునితోపాటు రోగి ఇంటి వాడుకనూ ప్రమాణంగా తీసుకోవాలి. ఈ దిశగా మండలాలవారీగా ఇంటివైద్యపు పదాల సేకరణ జరగవలసి ఉంది.