పని ముగిసిన పిదప

పదకొండవ శతాబ్దంలో మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకొన్న నన్నయభట్టు, అరణ్యపర్వంలో శరత్కాల రాత్రులను వర్ణించి అక్కడనే రచన నిలిపినాడనీ, ఆ పర్వశేషాన్ని తరువాత ఎఱ్ఱాప్రగడ పూరించినాడనీ సాహిత్య చరిత్ర చదివిన విద్యార్థులందరూ ఎరుగుదురు. శరత్తు వచ్చినప్పుడల్లా నాకీ విషయం గుర్తుకు వస్తుంది. అంత పెద్ద పని నడుమ ఆ కవి తలయెత్తి ఆకాశాన్ని చూచినాడు. మనమో, ఎంతో చిన్న పనుల నడుమ తలయెత్తడమే మానుకొన్నాము.

హైదరాబాదులోని అమీర్‌పేటలో తలయెత్తినా కనబడేది ఆకాశం కాదు, మెట్రో రైలు వంతెన. 2017 నవంబరులో ఇక్కడికి తొలి రైలు వచ్చినది. మియాపూర్–ఎల్బీనగర్ మార్గమూ, నాగోలు–రాయదుర్గం మార్గమూ కలుసుకొనే కూడలి ఇదే. కావున శరత్తును ఇక్కడ నింగిలో గాక నేలమీద వెదకుకోవాలి. బతుకమ్మ పండుగ దినాలలో కాలిబాట ప్రక్కన గోనెపట్టాలపై తంగేడు, గునుగు, బంతిపూలు రాశులుగా పోసి అమ్ముతారు. ఊరి పొలాల గట్లమీద ఎవరూ నాటకుండా పూచే గునుగు ఇక్కడ కట్టల లెక్కన వెల పలుకుతుంది. ఆ పూలు చూచిన తరువాతనే, వానాకాలం వెళ్ళినదన్న స్పృహ నాకు కలుగుతుంది.

అట్టి ఒకనాటి ముచ్చట ఇది. బడులకు దసరా సెలవులు; కచేరీలకు కావు. ఉదయం పంజాగుట్ట సందులోని ఇల్లు విడిచి, అమీర్‌పేటలోని మా కార్యాలయానికి నడచి వెళ్ళినాను. మైత్రీవనం చుట్టుప్రక్కల గోడలనిండా కంప్యూటరు పాఠాల ప్రకటనలే. రెండు రాష్ట్రాల జిల్లాల నుంచి వచ్చిన యువకులు సంచులు భుజాన వేసుకొని ఒక తరగతి నుంచి మరొక తరగతికి పరుగెత్తుతూ ఉంటారు. కార్యాలయంలో లెక్కల పద్దులు సరిచూడడం నా పని. ఆనాడు ఒక పద్దు కుదరక మధ్యాహ్నమంతా గడచినది. ఆ పనిని గురించి ఇంతకుమించి చెప్పదగినది లేదు. అటువంటి దినాలే మన జీవితంలో అధికం.

పనిగంటలకు ఒక హద్దు ఉండాలని లోకం ఎంతో పోరాడినది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలోనే పరిశ్రమలలో దినానికి 8 గంటలు, వారానికి 48 గంటలు అని నిర్ణయించినది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడ వారానికి 48 గంటలనే హద్దుగా పెట్టినది. మన పెద్దలు సంపాదించి ఇచ్చిన ఆ సాయంకాలాన్ని మనమేమి చేస్తున్నామన్నది ఇప్పటి ప్రశ్న. పని ముగిసిన పిదప కూడ చేతిలోని ఫోనులో పని వెంటాడుతూనే ఉన్నది. పని లేనప్పుడు ఆ ఫోనే కాలాన్ని మింగుతున్నది.

ఇల్లు చేరేసరికి మా ఇల్లాలూ, ఎనిమిదవ తరగతి చదివే అమ్మాయీ బతుకమ్మను పేర్చి ఆవరణలో ఆడడానికి వెళ్ళినారు. వంటింట్లో రేడియో మోగుతున్నది. వివిధభారతి పుట్టినది కూడ శరత్తులోనే, 1957 అక్టోబరు 3న. కాళ్ళు కడుగుకొని, టీ త్రాగి, బీరువాలోని పాత పుస్తకం తీసినాను. అది మా నాయనగారి తపాలా బిళ్ళల పుస్తకం. ఆయన పల్లెటూరి బడిలో ఉపాధ్యాయులు. కొన్న బిళ్ళ ఒక్కటీ లేదు; అన్నీ పాత కవర్ల నుంచి తీసినవే.

ఆ పని చూడడానికి సులువు. చేయడానికి ఓపిక కావాలి. కవరులోని బిళ్ళ ఉన్న భాగాన్ని చుట్టూ కొంత విడిచి కత్తిరించాలి. దానిని చన్నీటిలో వేసి, జిగురు కరిగి బిళ్ళ తనంతట తాను విడివడేదాకా వేచి ఉండాలి. అద్దుడు కాగితంపై బోర్లించి ఆరబెట్టి, బరువైన గ్రంథం నడుమ అణచాలి. చేతివ్రేళ్ళతో కాక చిన్న పట్టకారుతోనే పట్టుకోవాలి. చిన్నతనంలో నేను తాళలేక ఒక బిళ్ళను గోటితో పెరికి చింపినాను. నాయనగారు నన్నేమీ అనలేదు. ఆ చినిగిన బిళ్ళనే పుస్తకంలో అతికించి, క్రింద తేదీ వ్రాసి, ‘తొందర’ అన్న ఒక్క మాట చేర్చినారు. నేటికీ ఆ పుట తిప్పేటప్పుడు నా చేయి నెమ్మదిస్తుంది.

ఎనిమిది గంటలకు నా మేనల్లుడు వచ్చినాడు. జగిత్యాల ప్రాంతం నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టలులో ఉంటూ రెండేండ్లుగా పాఠాలు నేర్చుకొంటున్నాడు. ఒక పాఠం ముగిసేలోగా ఉద్యోగాలవారు మరొకటి అడుగుతున్నారు. ఆనాడు కూడ ఒక ఇంటర్వ్యూలో కాదనిపించుకొని వచ్చినాడు. భోజనానికి కూర్చోకముందే వెళతానన్నాడు. చదవని గంట ప్రతిదీ దొంగిలించిన గంటవలె వానికి తోస్తున్నదట. పుస్తకం వైపు చూచి, “మామయ్యా, దీనివల్ల లాభమేమిటి?” అని అడిగినాడు. వాని గొంతులో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోగోరినాడు. నాకు జవాబు తోచలేదు.

ఇంతలో అమ్మాయి వచ్చి మా నడుమ కూర్చుని పుటలు తిప్పినది. హైదరాబాదు రాజ్యానికి 1869 నుంచి సొంత తపాలా బిళ్ళలు ఉండేవి. 1950లో వాటి స్థానంలో భారతదేశపు బిళ్ళలు వచ్చినవి. 1931లో వెలువడిన వరుసలో అణా బిళ్ళపై చార్మినారు, రెండణాల బిళ్ళపై హైకోర్టు, నాలుగణాల బిళ్ళపై ఉస్మాన్‌సాగరం, ఎనిమిదణాల బిళ్ళపై అజంతా గుహల ముఖద్వారం ముద్రించినారు. అమ్మాయి చివరిదానిపై వ్రేలు పెట్టి, “అజంతా మహారాష్ట్రలో ఉన్నది కదా, హైదరాబాదు బిళ్ళమీదికి ఎట్లా వచ్చింది బావా?” అని అడిగినది.

వాడు కొంచెం ఆలోచించినాడు. తరువాత కాగితం తీసుకొని పటం గీసినాడు. మరాఠ్వాడా నిజాం రాజ్యంలోని భాగమనీ, ఆ ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీని అధికారిగా నియమించి అజంతా చిత్రాలను కాపాడించినదనీ నేను అందించినాను. 1956 నవంబరు 1న ఆ జిల్లాలు బొంబాయి రాష్ట్రంలో చేరినవనీ, 1960 మే 1న ఆ రాష్ట్రం చీలి మహారాష్ట్ర ఏర్పడినదనీ వాడు చెప్పినాడు. అమ్మాయి ఊరుకోలేదు. ఉస్మాన్‌సాగరం ఎందుకు కట్టినారన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచినదనీ, ఆ వరదల పిదప విశ్వేశ్వరయ్యగారి సలహా పొంది జలాశయాలు కట్టించినారనీ, అది జరిగినది కూడ ఇటువంటి శరత్తులోనే ననీ ముగ్గురమూ కలిసి చెప్పుకొన్నాము. ఒక బిళ్ళ నుంచి మరొక బిళ్ళకు గంటన్నర గడచినది. పప్పుచారు చల్లారినదని మా ఇల్లాలు రెండుసార్లు పిలిచినది.

పుస్తకం మూసేముందు మేనల్లునికి ఆ చినిగిన బిళ్ళ కనబడినది. తాతగారి చేతివ్రాతను వాడు చాలసేపు చూచి, ఎవరు చింపినారని అడిగినాడు. నేనేనని ఒప్పుకొన్నాను. ఆ రాత్రి వానికి ఉద్యోగం రాలేదు. మరునాడు కూడ రాలేదు. గాని వెళ్ళేటప్పుడు, “వచ్చే వారం మిగిలిన పుటలు చూద్దాం మామయ్యా” అన్నాడు. వాడు అడిగిన లాభానికి నా వద్ద అంతకన్న వేరే లెక్క లేదు. రెండేండ్లుగా పరీక్షకు నిలిచిన పిల్లవాడు ఒక రాత్రి గురువు స్థానంలో కూర్చున్నాడు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఇప్పుడు ఇండ్లకు ఉత్తరాలు రావడం అరుదు. కవర్లమీద బిళ్ళలు అంతకన్న అరుదు. అయినా ఈ వ్యాసంగానికి దారులు మూసుకొనిపోలేదు. తపాలా శాఖ 2017లో 6 నుంచి 9 తరగతుల విద్యార్థులకై దీన్‌దయాళ్ స్పర్శ్ అనే పథకాన్ని ప్రారంభించినది. బిళ్ళల సేకరణలో ఆసక్తి చూపే 920 మందికి ఏడాదికి 6,000 రూపాయల వంతున విద్యార్థివేతనం ఇవ్వడం దాని ఉద్దేశం. త్యాగరాజస్వామి, కందుకూరి వీరేశలింగం, అల్లూరి సీతారామరాజు బిళ్ళలపైకి ఎక్కినవారే; వారి ముఖాలతో ఒక పాఠం మొదలుపెట్టవచ్చును.

బిళ్ళలే కానక్కరలేదు. కుట్టుపని కావచ్చు, మొక్కల పెంపకం కావచ్చు, వేణువు కావచ్చు. మార్కులు వేయని పని, యజమాని అడగని పని ఒక్కటి ప్రతి విద్యార్థికీ ఉండాలి. దానికి దినంలో ఒక గంటనైనా మనం విడిచిపెట్టాలి. మేనల్లుణ్ణి సాగనంపి మేడమీదికి వెళ్ళినాను. వంతెనకు అవతల ఆకాశం నిర్మలంగా ఉన్నది. ఆ శరత్తులో నేను తలయెత్తి చూచినది అదే మొదటిసారి.