మౌనం వెనుక మాట : ‘బెన్ ఎక్స్’ చిత్రంపై తొలి స్పందన

గత ఆదివారం సాయంత్రం పదవ తరగతి చదువుతున్న మా అబ్బాయితో కలిసి మేమిద్దరమూ ఇంట్లో ‘బెన్ ఎక్స్’ అనే బెల్జియం చిత్రాన్ని చూశాము. చిత్రం ముగిసిన తరువాత చాలాసేపటి వరకూ ఎవరమూ నోరు విప్పలేదు. ఆ మౌనంలో మాకు కలిగిన ఆలోచనలనే పాఠకులతో పంచుకొంటున్నాము.

2007లో విడుదలైన ఈ చిత్రానికి దర్శకుడు నిక్ బాల్తజార్. తాను రచించిన నవలనే ఆయన తెరకెక్కించారు. తోటివారి వేధింపులు భరించలేక ప్రాణం తీసుకొన్న ఆటిజం గల ఒక యువకుని విషాదమే ఆ రచనకు ప్రేరణ. ఆ ఏడు మాంట్రియల్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారాన్ని ఈ చిత్రం మరొక చిత్రంతో కలిసి పంచుకొన్నది. పేరులోనూ ఒక శ్లేష ఉన్నది. ఆ దేశపు డచ్ భాషలో ఆ శబ్దం ‘నేను శూన్యాన్ని’ అనే అర్థాన్ని స్ఫురింపజేస్తుంది.

కథానాయకుడు బెన్‌కు ఆటిజం. ఎదుటివారి కళ్ళలోకి చూడలేడు. ప్రతి శబ్దమూ అతనికి పెనురొదగా వినిపిస్తుంది. కానీ కంప్యూటర్‌లో ‘ఆర్చ్‌లార్డ్’ ఆట ఆడేటప్పుడు అతడే మహావీరుడు. అక్కడ స్కార్లైట్ అనే తోడు కూడా ఉన్నది. బడిలో మాత్రం అతనికి దక్కేది అవమానమే. ఇద్దరు సహాధ్యాయులు అతన్ని తరగతి గదిలో నలుగురి ముందూ అవమానిస్తే, మిగిలినవారు ఆ దృశ్యాన్ని ఫోన్లలో చిత్రించుకొంటారు. బెన్‌గా గ్రెగ్ టిమర్‌మాన్స్ నటన మరపురానిది. పెదవి కదపకుండానే లోపలి అలజడిని చూపించగలిగారు. ముగింపు ఏమిటో చెప్పి చూడబోయేవారి ఉత్కంఠను చెడగొట్టము.

చిత్రంలో లోపాలు లేకపోలేదు. వేధించే కుర్రాళ్ళ మనసుల్లోకి దర్శకుడు తొంగిచూడలేదు. వారు కేవలం దుష్టులుగానే మిగిలిపోయారు. అయితే మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టినది వారు కాదు, చుట్టూ నిలబడి నవ్వినవారు.

ఎందుకంటే ఆ గుంపులో ఒకనాడు మేమూ ఉన్నాము. చాలా ఏళ్ళ క్రితం మా క్వార్టర్స్‌లో ఒక పిల్లవాడు ఎవరితోనూ ఆడక, మెట్ల మీద కూర్చుని వచ్చేపోయే బండ్ల నంబర్లు వ్రాసుకొనేవాడు. పిల్లలు అతని పుస్తకం లాక్కొని పరుగెత్తితే, పెద్దలమైన మేము వారించవలసినది పోయి నవ్వి ఊరుకొన్నాము. వాళ్ళమ్మ మాత్రం మారుమాట లేకుండా కిందికి వచ్చి, చెదిరిన కాగితాలు ఏరుకొని వెళ్ళేది. బెన్ తల్లి కళ్ళలో మాకు ఆమె కనిపించింది.

నేడు పరిస్థితి కొంత మారింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టమూ, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమూ ఆటిజాన్ని గుర్తించాయి. ట్రస్ట్ నిర్వహించే ‘నిరామయ’ పథకం ద్వారా లక్ష రూపాయల వరకూ ఆరోగ్య బీమా లభిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్లలోనూ ఆటిజం గలవారికి చోటున్నది. చట్టం చేయగలిగినది చట్టం చేస్తుంది. మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న పిల్లవాని పక్కన కూర్చోవలసినది మాత్రం మన పిల్లలే. వారికి ఆ సంగతి చెప్పవలసినది మనమే.

ఆ రాత్రి మా అబ్బాయి నెమ్మదిగా అడిగాడు: “మా క్లాసులోనూ అలాంటివాడు ఒకడున్నాడు నాన్నా. రేపు వాడితో ఏం మాట్లాడను?”

వెంటనే మాకు జవాబు తోచలేదు. కానీ ఆ ప్రశ్న పుట్టినందుకే ఈ చిత్రానికి ఋణపడి ఉన్నాము.